తేడా వస్తే మోసేదెవరు? డిజిటల్ చట్టాల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఏదో జవాబు చివర్న, పేద దేశాలకి డిజిటల్ అభివృద్ధి రావాలంటే టవర్ల కంటే ముందు చట్టాలు సరిగ్గా ఉండాలి అని మాటవరసకి అనేశాను. ఇక చూస్కోండి, మెయిల్ బాక్స్ నిండిపోయింది. కొంతమంది బానే చెప్పారన్నారు, కొంతమంది ఉతికి ఆరేశారు, ఒకాయనైతే మీరు లాయరా టవర్ల కంపెనీ మనిషా అని అడిగారు (రెండూ కాదండీ, ఊరికే చదువుతూ ఉంటాను అంతే). సరే, ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేద్దాం. పేర్లు, ఊళ్ళు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లేదు.

ప్రశ్న: అన్నా, చట్టాలు ముందు అంటున్నారు గానీ కెన్యాలో ఎం-పెసా (ఫోన్లో డబ్బు పంపుకునే సర్వీసు) వచ్చినప్పుడు మొబైల్ మనీకి అసలు చట్టమే లేదు. అయినా దేశమంతా పాకింది. చట్టం లేకపోవడమే మేలు చేసిందేమో కదా? (బ్యాంకు పరీక్షలకి చదువుతున్నా)

జవాబు: తమ్ముడూ, సరైన చోట గిల్లావు. నిజమే, 2007 మార్చిలో సఫారీకామ్ అనే మొబైల్ కంపెనీ వాళ్ళు ఎం-పెసా మొదలెట్టినప్పుడు కెన్యాలో దానికి సరిపోయే చట్టం లేదు, పేమెంట్ల చట్టం 2011లో వచ్చింది, దాని కింద రూల్స్ 2014లో వచ్చాయి, అంటే పిల్లాడు రెండో క్లాసుకి వచ్చాక బారసాల చేసినట్టు అన్నమాట.

కానీ చట్టం లేదంటే రూలే లేదనుకోకు, చాలామంది పొరబడేది అక్కడే. అక్కడి సెంట్రల్ బ్యాంకు లైసెన్సూ ఇవ్వలేదు, వద్దనీ అనలేదు, మాకు అభ్యంతరం లేదు అని ఒక లెటర్ ఇచ్చింది, షరతులతో. ఆ షరతుల్లో ప్రాణం లాంటిది ఏంటంటే జనం వేసిన డబ్బుని కంపెనీ తన సొంత ఖాతాలో కలుపుకోకూడదు, బ్యాంకులో ట్రస్టు పేరు మీద విడిగా పెట్టాలి. రేప్పొద్దున కంపెనీ దివాళా తీసినా అప్పులవాళ్ళు ఆ డబ్బు మీద చెయ్యి వెయ్యలేరు, అది కంపెనీది కాదు కాబట్టి.

ఒక్కసారి ఎం-పెసా తరఫున డబ్బు తీసుకునే ఏజెంట్ దగ్గర నిలబడి చూసినట్టు ఊహించుకో. ఒకావిడ నోట్లు ఇస్తుంది. అతను లెక్కపెట్టుకుని పుస్తకంలో తేదీ, ఆవిడ ఐడీ నంబరు, ఎంత మొత్తమో రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు, తర్వాత తన ఫోన్లో నొక్కుతాడు, ఇద్దరి ఫోన్లూ కుయ్‌మంటాయి. మెసేజ్ చదివి మొత్తం సరిపోయిందా లేదా చూసుకునేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదలదు. ఆవిడ ఇచ్చిన నోట్లు ఇంకా అతని గల్లాలోనే ఉన్నాయి, ఐనా ఆవిడకి దిగుల్లేదు, ఎందుకంటే ఏజెంటు ముందే తన సొంత డబ్బు కట్టి బాలెన్స్ కొని పెట్టుకున్నాడు, ఇప్పుడు ఆవిడ ఫోన్లోకి వచ్చింది ఆ బాలెన్సే. రేపు అతను గల్లా ఎత్తుకుని పారిపోయినా పోయేది అతని డబ్బే తప్ప ఆవిడది పైసా పోదు. చట్టం రాకముందే ఈ ఏర్పాటు అంతా ఉంది, 2008 చివర్లో ఇదంతా మోసమేమో చూడండని ఒత్తిడి వస్తే ఆర్థిక శాఖ ఆడిట్ కూడా చేయించింది, 2009 మొదట్లో పర్లేదు అని తేలింది.

అందుకే ఏ దేశం డిజిటల్ చట్టం చేతికొచ్చినా నేను ముందు వెతికేది ఒక్కటే, తేడా వస్తే నష్టం మోసేదెవరు అని. పేరు ఎంత గొప్పగా ఉన్నా ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ చట్టం గోడ మీద క్యాలెండరే.

ఇంకో సంగతి. చట్టం ఆలస్యంగా వస్తే నష్టం లేదని కూడా అనుకోకు. ఎం-పెసా ఏజెంట్లు వేరే కంపెనీకి పని చెయ్యకూడదనే కట్టుబాటు 2014 దాకా నడిచింది, కాంపిటీషన్ అథారిటీ కల్పించుకున్నాక గానీ పోలేదు. అప్పటికి పోటీవాళ్ళకి చాలా ఆలస్యమైపోయింది.

ప్రశ్న: నమస్తే సార్. నేనూ మా చెల్లీ కలిసి వేరే దేశాల క్లయింట్లకి డిజైన్ పనులు చేస్తాం. ఒప్పందాలన్నీ ఈమెయిల్లోనే. కాగితం మీద సంతకం లేకపోతే ఏ కోర్టులోనూ చెల్లదని మా ఆడిటర్ గారు భయపెడుతున్నారు, నిజమేనా?

జవాబు: మీ ఆడిటర్ గారు 1995లో ఈ మాట అనుంటే ఆ భయానికి కొంత అర్థం ఉండేదమ్మా. 1996లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ కమిషన్, అదే అన్‌సిట్రాల్, ఈ-కామర్స్ మీద ఒక నమూనా చట్టం రాసింది, 2001లో ఎలక్ట్రానిక్ సంతకాల మీద ఇంకోటి. నమూనా అంటే అది ఎవరికీ చట్టం కాదు, కుట్టుమిషన్ దగ్గర పేపర్ కటింగ్ లాంటిది, ఎవరి కొలతకి వాళ్ళు కత్తిరించుకోవాలి. మన దేశం 2000లో ఐటీ చట్టం చేసింది ఆ కటింగ్ పెట్టుకునే, శ్రీలంక 2006లో, అట్లా చాలా దేశాలు.

అందులో ఉన్న అసలు ఆలోచన ఎంత సింపులో చూడండి. కాగితం చేసే పని ఏంటి? తర్వాత ఎప్పుడైనా తీసి చదువుకోడానికి ఉండటం. సంతకం చేసే పని ఏంటి? ఎవరు ఒప్పుకున్నారో, ఒప్పుకున్నారన్న సంగతీ తెలియడం. ఈ రెండు పనులూ ఇంకేదైనా చేస్తే దాన్ని కూడా ఒప్పుకోండి, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో తోసెయ్యకండి, అంతే. మిగతాదంతా దాని చుట్టూ అల్లిక.

ఐతే కటింగ్ సరిగ్గా పెట్టుకోకపోతే జాకెట్టు పట్టదు కదా, మనకీ అదే అయింది. 2000 చట్టంలో ఒకే ఒక టెక్నాలజీ రాశారు, సర్టిఫికెట్ ఉన్న డిజిటల్ సంతకం మాత్రమే సంతకం అన్నారు. మామూలు మనిషి ఎవరు కొంటారు ఆ సర్టిఫికెట్? 2008లో సవరించి ఎలక్ట్రానిక్ సంతకం అని విశాలంగా పెట్టారు, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ కారణంగా చెల్లకుండా పోదని 10ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. టెక్నాలజీ పేరు చట్టంలో రాసిన ప్రతి దేశానికీ ఈ రిపేరు తప్పదు. టెక్నాలజీ మారినంత తొందరగా పార్లమెంటు కదలదు.

కాబట్టి మీ ఈమెయిల్ ఒప్పందం చెల్లుతుంది. వీలునామా లాంటివి కొన్ని మాత్రం ఇప్పటికీ కాగితం మీదే ఉండాలి, మీకు వాటితో పని లేదు. ఆడిటర్ గారి మాటలో ఉన్న నిజం ఏంటంటే చెల్లడం వేరు, నిరూపించుకోవడం వేరు. క్లయింటు నేనా మెయిల్ పంపలేదే అంటే మీ చేతిలో ఏముంది? ప్రింటవుట్ తీసి ఫైల్లో పెట్టుకుని ఒరిజినల్ మెయిల్ డిలీట్ చేసే అలవాటుంటే ఈరోజే మానెయ్యండి. కోర్టుకి ఎలక్ట్రానిక్ రికార్డ్ ఇవ్వాలంటే అది ఎలా వచ్చిందో చెప్పే సర్టిఫికెట్ దాంతో పెట్టాలి, పాత సాక్ష్యాల చట్టంలో అది 65బీ, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 63. ఒప్పందంలో ఇంకో లైను కూడా చేర్చుకోండి, గొడవొస్తే ఏ దేశం చట్టం ప్రకారం, ఎక్కడ తేల్చుకోవాలి అని. ఆ లైను లేకపోతే ఎక్కడ కేసు వెయ్యాలో తేలడమే కష్టమవుతుంది.

ప్రశ్న: ఒక్క పేరు చెప్పండి, అభివృద్ధి చెందుతున్న దేశాల్లో డిజిటల్ చట్టాలు బాగా చేసింది ఎవరు? సాగదీయొద్దు.

జవాబు: బ్రెజిల్. ఇంటర్నెట్ హక్కుల చట్టం 2014లో చేశారు, దాని ముసాయిదాని ముందు జనం ముందు ఆన్‌లైన్లో పెట్టి అభిప్రాయాలు తీసుకుని మరీ. 2020 నవంబర్లో సెంట్రల్ బ్యాంకు పిక్స్ అనే పేమెంటు పద్ధతి పెడితే 5 లక్షల ఖాతాలు దాటిన ప్రతి బ్యాంకూ చేరి తీరాలని రూలు పెట్టింది, మామూలు మనిషికి డబ్బు పంపితే ఛార్జీ లేదు. లోపాలు లేవా, ఉన్నాయి, ఆ 2014 చట్టంలో సోషల్ మీడియా కంపెనీల బాధ్యత గురించి ఉన్న 19వ ఆర్టికల్ని 2025లో వాళ్ళ సుప్రీంకోర్టే కొంతవరకు పక్కన పెట్టింది. సాగదీయొద్దన్నారు కదా, ఆపేశా.

ప్రశ్న: సార్ నేను ఫైబర్ కేబుల్ వేసే కాంట్రాక్టుల్లో సూపర్‌వైజర్ని. కేబుల్ వెయ్యడానికి పట్టే టైం కంటే పర్మిషన్లకి పట్టే టైం ఎక్కువ, రోడ్డు తవ్వినందుకు ఒక్కో ఆఫీసు ఒక్కో రేటు. దీనికి చట్టం ఉండదా? ఇదంతా డిజిటల్ అభివృద్ధి కిందకి రాదా?

జవాబు: రాకపోవడమేంటండీ, నన్నడిగితే అసలు సిసలు డిజిటల్ చట్టం ఇదే. డేటా, ఏఐ అని సెమినార్లు పెట్టుకునే వాళ్ళెవరూ దీని గురించి మాట్లాడరు, ఎందుకంటే ఇందులో గ్లామర్ లేదు, మట్టి ఉంది. కేబుల్ వెయ్యడానికి రోడ్డునీ స్థలాన్నీ వాడుకునే ఈ హక్కుని రైట్ ఆఫ్ వే అంటారు, మీకు తెలిసిందే.

నైజీరియా కథ చెప్తాను, మీకు కడుపు నిండుతుంది. 2013లో అక్కడ కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని ఫైబర్ వెయ్యాలంటే మీటరుకి 145 నైరాలు, అంతకుమించి వద్దు అనుకున్నాయి. అనుకోవడమే, చట్టంగా కట్టలేదు. 2020 మొదట్లో కొన్ని రాష్ట్రాలు ఆదాయం కోసం దాన్ని వేలల్లోకి లాగేశాయి. మీరే లెక్కెయ్యండి, మీటరుకి 4500 అంటే కిలోమీటరుకి 45 లక్షల నైరాలు, ఇంకా పార కూడా ఎత్తకుండానే. కంపెనీ ఏం చేస్తుంది, జనం ఒత్తుగా ఉన్న నగరంలో తవ్వుతుంది, పల్లెల వైపు చూడదు. అదే ఏడాది ఎకిటి రాష్ట్రం మళ్ళీ 145కి దింపింది, కడునా మొత్తానికే మాఫీ చేసింది. టవరూ అదే, కేబులూ అదే, టెక్నాలజీలో ఏ మార్పూ లేదు, ఒక ఆర్డర్ కాగితం మారింది, లెక్క మొత్తం మారిపోయింది.

మన దగ్గర 2016లో రైట్ ఆఫ్ వే రూల్స్ వచ్చాయి, తర్వాత 2023 టెలికాం చట్టంలో దీనికి చోటు ఇచ్చి కొత్త రూల్స్ 2025 జనవరి 1 నుంచి అమలు అన్నారు. కాగితం మీద బాగుంది. ఆ కాగితం మీరు కలిసే ఆఫీసులో టేబుల్ దాకా వచ్చిందా లేదా మీరే నాకు రాయాలి.

దీనికి తోబుట్టువు లాంటిది ఇంకోటుంది. లాభం రాని చోటికి నెట్‌వర్క్ వెయ్యమంటే ఏ కంపెనీ వెయ్యదు, దాని కోసం చాలా దేశాలు టెలికాం కంపెనీల రాబడిలోంచి ఇంత శాతం అని వసూలు చేసి ఒక ఫండు పెడతాయి. చిలీ 1994లోనే ఇలాంటి ఫండు పెట్టింది, ఐతే డబ్బు కంపెనీల దగ్గర కాకుండా ప్రభుత్వ బడ్జెట్లోంచి ఇచ్చింది. మన దగ్గర 2002 నుంచి ఉంది, రాబడిలో 5 శాతం, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. చిలీలో వేలంపాట తిప్పి పాడారు, ఎవరు తక్కువ సబ్సిడీ అడిగితే పల్లెలో ఫోన్ పెట్టే పని వాళ్ళకే, నాకైతే భలే నచ్చిందా పద్ధతి. చాలా దేశాల్లో మాత్రం ఈ ఫండ్లకి ఒకటే జబ్బు, వసూలు చేసే సెక్షన్ పక్కాగా రాస్తారు, ఖర్చు పెట్టే సెక్షన్ గాలికి వదిలేస్తారు. డబ్బు వచ్చి పడి ఉంటుంది.

ప్రశ్న: సైబర్ నేరాల చట్టాలు కఠినంగా ఉంటేనే కదా జనం ధైర్యంగా ఆన్‌లైన్లోకి వస్తారు, మరి వాటిని కొంతమంది ఎందుకు వ్యతిరేకిస్తారు? నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, పిల్లలు అడిగితే తడబడ్డాను.

జవాబు: టీచరు గారూ, పిల్లలకి రెండు కథలు చెప్పండి చాలు, తీర్పు వాళ్ళే చెప్తారు.

మొదటిది ఫిలిప్పీన్స్. 2000 మే 4న ఐ లవ్ యూ అనే సబ్జెక్టుతో ఒక ఈమెయిల్ ప్రపంచం మీద పడింది, అటాచ్‌మెంట్ తెరిస్తే చాలు ఫైళ్ళు పాడుచేసి అడ్రస్ బుక్‌లో ఉన్న వాళ్ళందరికీ తనే పోయేది. పెద్ద పెద్ద ఆఫీసులు మెయిల్ సర్వర్లు ఆపేసుకున్నాయి. వెతుక్కుంటూ పోతే మనీలాలో ఒక కంప్యూటర్ విద్యార్థి దగ్గర తేలింది. తీరా కేసు పెడదామంటే వైరస్ రాయడం నేరమని చెప్పే చట్టం ఆ దేశంలో లేదు. వేరే చట్టాల కింద కేసు పెట్టి చూశారు, నిలబడలేదు, ఆగస్టులో కొట్టేశారు. జూన్‌లో హడావుడిగా ఈ-కామర్స్ చట్టం తెచ్చి హ్యాకింగ్, వైరస్‌లని నేరం చేశారు గానీ జరిగిపోయినదానికి కొత్త చట్టం వర్తించదు కదా. అందరూ నష్టపోయారు, మోసేవాడు ఎవడూ లేడు.

రెండోది మనదే. 2008లో ఐటీ చట్టంలో 66ఏ అని ఒక సెక్షన్ చేర్చారు, ఎదుటివాళ్ళకి చిరాకు, ఇబ్బంది కలిగించే మెసేజ్ పంపితే మూడేళ్ళ దాకా జైలు. చిరాకు అంటే ఎవరికి, ఎంత, కొలిచేదెవరు? ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకూ, ఆ మాటకి లైక్ కొట్టినందుకూ పోలీసులు వచ్చారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్ని పూర్తిగా కొట్టేసింది. ఇక్కడితో ఐపోయిందా అంటే లేదు, చచ్చిపోయిన సెక్షన్ కింద ఏళ్ళ తరబడి కొత్త కేసులు పెడుతూనే ఉన్నారు, ఇక మీదట ఎవర్నీ దీనికింద విచారించొద్దని 2022 అక్టోబర్లో కోర్టు మళ్ళీ చెప్పాల్సొచ్చింది. బంగ్లాదేశ్‌లో ఐతే 2006 చట్టంలో 57వ సెక్షన్ మీద గోల అయితే 2018లో డిజిటల్ సెక్యూరిటీ చట్టం తెచ్చారు, దాని మీద గోల అయితే 2023లో సైబర్ సెక్యూరిటీ చట్టం, 2025లో మళ్ళీ ఆర్డినెన్సు. బోర్డు మారుతూ పోయింది.

తేడా పట్టుకోవడం తేలికే అండీ. చట్టం యంత్రానికి, డబ్బుకి, ఖాతాకి జరిగిన హాని గురించి మాట్లాడుతోందా, లేక మాట గురించి మాట్లాడుతోందా చూడమనండి. ఒకే చట్టంలో రెండూ కలిపి ఉంటే రెండోదే ఎక్కువ వాడతారు, ఎందుకంటే హ్యాకర్ని పట్టుకోవడం కష్టం, పోస్టు పెట్టినవాడిని పట్టుకోవడం సులువు, పేరు ఫోటో అన్నీ అక్కడే ఉంటాయి కదా పాపం.

ప్రశ్న: ప్రభుత్వాలకి కూడా ఆదాయం కావాలి, డిజిటల్ లావాదేవీల మీద చిన్న పన్ను వేస్తే తప్పేంటి?

జవాబు: ఉగాండా వాళ్ళని అడగండి. 2018 జులైలో సోషల్ మీడియా వాడాలంటే రోజుకి 200 షిల్లింగులు, మొబైల్ మనీ మీద 1 శాతం అన్నారు. జనం పన్ను తప్పించుకోడానికి వీపీఎన్ (నెట్‌లో ఏం వాడుతున్నామో కనపడకుండా దాచే యాప్) పెట్టుకున్నారు, డబ్బు మళ్ళీ చేతుల మీద తిరగడం మొదలైంది. మొబైల్ మనీ పన్ను కొన్ని నెలలకే సగానికి తగ్గించి విత్‌డ్రాకి మాత్రమే అన్నారు, సోషల్ మీడియా పన్ను 2021లో తీసేసి డేటా మీద 12 శాతం వేశారు. ఘనా 2022 మేలో డిజిటల్‌గా పంపే డబ్బు మీద 1.5 శాతం పన్ను వేసింది, 2023లో 1కి దించింది, 2025 ఏప్రిల్‌లో మొత్తానికే ఎత్తేసింది. నోట్లు ఇచ్చి పుచ్చుకుంటే పన్ను లేదు, ఫోన్లో పంపితే పన్ను, అంటే జనాన్ని డిజిటల్‌లోకి రమ్మని పిలుస్తూ గుమ్మం దగ్గర టికెట్ పెట్టడమే కదా. లాభం మీద వేసుకోండి, కంపెనీ మీద వేసుకోండి, పంపే చెయ్యి మీద వెయ్యకండి. ఇది నా అభిప్రాయం, అర్థశాస్త్రం వాళ్ళు తిట్టుకోవచ్చు.

ప్రశ్న: ప్రతి యాప్ "అంగీకరిస్తున్నాను" నొక్కమంటుంది. నొక్కకపోతే పని జరగదు. నొక్కాక మన వివరాలు ఎక్కడికి పోతాయో దేవుడికే ఎరుక. డేటా చట్టాలు వచ్చాయి అంటున్నారు, మా లాంటి వాళ్ళకి ఒరిగేదేంటి?

జవాబు: అక్కా, మీ విసుగు నాకు అర్థమైంది. మొన్న ఒక యాప్‌లో ఆ అంగీకారం పేజీ చివరిదాకా చదువుదామని కూర్చున్నా, వేలితో తోస్తూ తోస్తూ పోయాను, టీ చల్లారింది, పేజీ ఐపోలేదు, చివరికి నేను కూడా నొక్కేశాను. కాబట్టి సలహాలు ఇచ్చే అర్హత నాకు లేదు, జరిగింది చెప్తా.

మన దగ్గర 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కే అని చెప్పింది. దాని మీద చట్టం రావడానికి 2023 ఆగస్టు అయింది, ఆ చట్టానికి రూల్స్ రావడానికి 2025 నవంబర్ అయింది, ఆ రూల్స్‌లో కంపెనీల మీద ఉన్న అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో 18 నెలల గడువు ఇచ్చారు. లెక్క మీరే కట్టుకోండి. ఆఫ్రికా యూనియన్ వాళ్ళ మలాబో ఒప్పందం ఇంకా ఘోరం, 2014లో రాశారు, అమల్లోకి రావాలంటే 15 దేశాలు ఆమోదించాలి, ఆ 15వ దేశం దొరికి అమల్లోకి వచ్చేసరికి 2023 జూన్.

మన చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది. అనుమతి అడిగే నోటీసు ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం 8వ షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో మీకు కావాల్సిన దాంట్లో చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో అడగొచ్చు. నచ్చనిది కూడా చెప్పాలిగా. మీ వివరాలు లీకైతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు, వినడానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆ డబ్బు వెళ్ళేది ప్రభుత్వ ఖజానాకి. నష్టపోయిన మీకు రూపాయి రాదు. పాత ఐటీ చట్టంలో 43ఏ అనే సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఒకటుంది, కొత్త చట్టం పూర్తిగా అమల్లోకొస్తే అది కూడా పోతుంది. పైగా మీరు తప్పుడు ఫిర్యాదు చేస్తే మీ మీద 10,000 దాకా జరిమానా. నా పాత ప్రశ్న గుర్తుందిగా, తేడా వస్తే మోసేదెవరు? ఇక్కడ కంపెనీ కడుతుంది, ఖజానా తీసుకుంటుంది, మోసేది మాత్రం మీరే.

చట్టం పని చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మళ్ళీ కెన్యాకే పోవాలి. అక్కడ ప్రభుత్వం హుడుమా నంబా అని దేశమంతటికీ ఒకే గుర్తింపు కార్డు మొదలెట్టింది. 2019 నవంబర్లో డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో ఇంత పెద్ద పని చేసేముందు దాని వల్ల జనం వివరాలకి ఏ ముప్పుందో లెక్కగట్టాలి అని ఉంది. ఆ లెక్క కట్టకుండానే కార్డులు పంచారు. 2021 అక్టోబర్లో హైకోర్టు ఆ పంపిణీ చెల్లదు పొండి అంది. తను చేసిన చట్టం ముందు తనని కూడా నిలబెట్టారు, అదీ ముచ్చట. మన చట్టంలో ప్రభుత్వం ఏ సంస్థకైనా మినహాయింపు ఇచ్చుకునే సెక్షన్ ఒకటుంది, అది చదివాకే నేను కెన్యా తీర్పు రెండోసారి చదివాను.

ప్రశ్న: అయ్యా, నా ఖాతాలోంచి నాకు తెలియకుండా డబ్బు పోయింది. నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. బ్యాంకుకెళ్తే మీరే ఎక్కడో నొక్కుంటారు, మీరు నొక్కలేదని రుజువు తెండి అంటున్నారు. రిటైరైనవాడిని, ఏం చెయ్యమంటారు?

జవాబు: పెద్దాయనా, మీ మెయిల్ చూడగానే అదే రోజు మీకు జవాబు పెట్టేశాను, పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే పుణ్యకాలం గడిచిపోతుంది కాబట్టి. అందరికీ పనికొస్తుందని ఇక్కడ కూడా రాస్తున్నా.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు బ్యాంకుది ఐతే మీరు చెప్పినా చెప్పకపోయినా మీ నష్టం సున్నా. తప్పు మీదీ కాదు బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగింది అంటే, డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి తెలియజేస్తే అప్పుడూ సున్నా. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చెప్తే మీ మీద పడే భారానికి ఒక పరిమితి ఉంది, మామూలు సేవింగ్స్ ఖాతాకి 10,000. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఓటీపీ మీరే చెప్పుంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు నష్టం మీదే, చేశాక పోయింది బ్యాంకు భరించాలి.

రోజులు లెక్కపెట్టడంలో చాలామంది తప్పు చేస్తారు, మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మీ బ్రాంచి పని చేసే రోజులే లెక్క. మీకు మెసేజ్ శుక్రవారం రాత్రి వచ్చిందన్నారు, ఆ శనివారం రెండో శనివారం, ఆదివారం సెలవు, అంటే సోమ, మంగళ, బుధ. మీరు మంగళవారం బ్రాంచికి వెళ్ళారు. లోపలే ఉన్నారు.

ఇక రుజువు తెండి అన్నారు చూడండి, అదే సర్క్యులర్‌లో ఖాతాదారుడి బాధ్యత అని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే అని రాసుంది. మీరు నొక్కారని వాళ్ళు చూపించాలి, నొక్కలేదని మీరు కాదు. చెప్పిన పది పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా మీ ఖాతాలో వెయ్యాలి, 90 రోజుల్లో తేల్చాలి.

మంగళవారం మీరు నోటిమాటగా చెప్పొచ్చారా, కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకున్నారా, అది మీ మెయిల్లో లేదు. నోటిమాటే ఐతే ఇది చదవడం ఆపేసి ముందు మంగళవారం వచ్చి చెప్పాను అని తేదీ, టైం, కౌంటర్లో ఎవరితో మాట్లాడారో రాసి మెయిల్ పెట్టండి, 1930కి, అదే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి, కాల్ చేసుంటే ఆ ఫిర్యాదు నంబరు కూడా అందులో రాయండి, పంపాక స్క్రీన్‌షాట్ తీసి మీ అబ్బాయికి కూడా ఒకటి పంపించి ఉంచండి.